గోడ ఎటు తిరిగింది

రెండోసారి పత్తి తీస్తూ ఈరమ్మ సాలు చివరికి వచ్చేసరికి చేని కిందిగట్టున నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు. ఒకాయన మూడుకాళ్ళ యంత్రంలో కన్ను పెట్టి గుట్ట వైపు చూస్తున్నాడు. ఇంకొకడు సున్నం బకెట్టు పట్టుకొని రాతిగోడ వెంబడే నడుస్తూ అక్కడక్కడా తెల్లగా గుర్తులు వేస్తున్నాడు. ఈరమ్మ నడుముకు కట్టిన ఒడి పత్తితో నిండి, నెలలు నిండిన కడుపులా ముందుకు పొడుచుకొచ్చింది. దాన్ని సంచిలో గుమ్మరించి, కొంగుతో మెడ తుడుచుకొని అటు నడిచింది. ఎండిన కాయల మొనలు గీసుకుపోయి వేళ్ళ చివర్లు మండుతున్నాయి.

ఆ గుట్టను చౌకిగుట్ట అంటారు. పైన పాడుబడిన కోట ఉంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సు మధ్యలో దిగి, మట్టిదోవన లోపలికి నడిస్తే ఊరికంటే ముందు ఆ కోట బురుజులే కనబడతాయి. దానికి జాతీయ చారిత్రక ఉద్యానమని పేరు పెట్టి, ఇనుప గేటు బిగించి, టిక్కెట్టు పెట్టిన దగ్గర్నుంచి ఊళ్ళో వాళ్ళు మేకల్ని అటు తోలడం మానుకున్నారు. అంతకుమించి దాంతో ఈరమ్మకు పని పడలేదు.

ఆ నలుగురిలో టోపీ పెట్టుకున్న పిల్లను ఆమె గుర్తుపట్టింది. ఆదోనిలో పత్తి కొనే రంగనాథం సెట్టి కూతురు కన్యక. చిన్నప్పుడు తండ్రి అంగట్లో పత్తి మూటల మీదికెక్కి దూకుతూ ఉండేది. ఇప్పుడు కోట చూసే శాఖలో ఆఫీసరయ్యిందని విన్నదే గాని చూడటం ఇదే. కన్యక కూడా గుర్తుపట్టి నవ్వింది. నవ్వినా వెంటనే సంగతి చెప్పలేకపోయింది. ఈ రాతిగోడ కోట బయటి ప్రాకారమని తేలిందనీ, ఉద్యానం హద్దును ఈ గోడ దాకా పెంచుతున్నారనీ, గోడకూ గుట్టకూ నడుమ ఉన్న చేను హద్దు లోపలికి వస్తుందనీ నెమ్మదిగా వివరించింది. చేను ఎవరూ గుంజుకోరు. దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు. కాకపోతే బోరు వేయకూడదు, కొట్టం కట్టకూడదు, లోతుగా తవ్వకూడదు. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే శుక్రవారం బడి దగ్గర సభ పెడతారు, అక్కడికి వచ్చి చెప్పుకోవచ్చు.

ఈరమ్మకు మొదట నవ్వొచ్చింది.

"ఇది కోటగోడ కాదు తల్లీ. ఇది నేనూ మా ఆయనా పేర్సింది."

యంత్రంలో చూస్తున్నాయన కన్ను తీయకుండానే నవ్వాడు. కన్యక మాత్రం నవ్వలేదు. ఆమె గోడ వైపు ఒకసారి, ఈరమ్మ చేతుల వైపు ఒకసారి చూసింది.

"మీ బావగారు భీమప్ప వేరే మాట చెప్పినాడే అమ్మా. మా ముత్తాతల కన్నా ముందు నుంచీ ఉందని సంతకం కూడా పెట్టినాడు."

 గోడ మీద తడి సున్నం ఒక రాతి నుంచి కింది రాతికి జారుతోంది. ఆ కింది రాయి ఎక్కడిదో ఈరమ్మకు తెలుసు. చేని నడుమ, ఇప్పుడు పత్తి అన్ని చోట్ల కంటే ఎత్తుగా పెరిగిన చోట, సగం భూమిలో దిగబడి ఉండేది. భర్త నరసన్న గడ్డపార పెట్టి పెకలిస్తే, ఇద్దరూ పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా దాన్ని గట్టుకు దొర్లించారు. అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు కింది నల్లరేగడి పెద్దవాడికి పోయి, చిన్నవాడికి ఈ రాళ్ళమడి వచ్చింది. రాళ్ళు ఏరితేనే అది చేనయ్యింది. ఏరిన రాళ్ళే గోడయ్యాయి.

సాయంత్రం ఇంట్లో ఆ మాట విని నరసన్న నులకమంచం మీద కదలకుండా పడుకున్నాడు. నడుము పట్టేసిన రోజుల్లో అతను అట్లాగే ఉంటాడు. తర్వాత లేచి కూర్చొని, అన్న ఎందుకు అట్లా చెప్పాడో తనకు తెలుసన్నాడు. ఈరమ్మకూ తెలుసు. వచ్చే వారం తమ చేనికి బోరు లారీ రావలసి ఉంది. నీళ్ళు చూసే తిరుపాల్ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగి, పైమూలన కాయ నిటారుగా లేచిన చోట గుర్తుకు కట్టె పాతించిపోయాడు. పైన వీళ్ళ బోరు పడితే కింద భీమప్ప బోరు ఎండుతుందని ఊళ్ళో అనని వాళ్ళు లేరు. భీమప్ప నోటితో అనలేదు గాని, కట్టె పాతిన రోజు నుంచి తమ్ముడు ఎదురైతే మొహం తిప్పుకొని పోతున్నాడు. అంతకుముందూ మాటల్లేవు. అప్పుడు మొహమైనా తిప్పుకునేవాడు కాదు.

బోరు పడితే ఈ ఏడు సుగ్గికి పోయే పని ఉండదనుకున్నారు. చలి తగ్గీ తగ్గకముందే లారీలెక్కి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోవడం, ఎవరి చేని గట్టునో పట్ట కప్పిన గుడిసెలో ఎండలు ముదిరేదాకా బతకడం, దాన్నే ఇక్కడ సుగ్గి అంటారు. కొడుకు రాజశేఖర్ ఆ తిరుగుడులోనే చదువు వదిలేసి బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు. కూతురు ఇందు ఏటా ఆ రోజుల్లో బడి పోగొట్టుకుంటూనే ఎట్లాగో పదో తరగతి దాకా వచ్చింది. పెద్దపరీక్ష సరిగ్గా మిరపకోతల నడుమే పడుతుంది. ఎదిగిన పిల్లను ఒక్కదాన్ని ఇంట్లో వదిలిపోలేరు.

మరుసటి రోజు నరసన్న నడుముకు తువ్వాల బిగించుకొని సాక్ష్యం కోసం ఊరంతా తిరిగాడు. ఆ గోడ పేర్చేటప్పుడు చూడనివాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు? కానీ అడిగితే ఒకరికి ఎమ్మిగనూరు పోయే పని ఉంది, ఒకరికి శుక్రవారం ఉపవాసం. ఎగువ వీధి ధనుంజయ అయితే కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. గోడ దాకానే గదా పోయింది, ఊరి మీదికి రాలేదు గదా, గవర్నమెంటుతో మనకెందుకు పేచీ అన్నాడు. నరసన్న ఇంటికొచ్చి ఆ మాట భార్యకు చెబుతూ, మధ్యలో ఆపి, టీ మాత్రం బాగుండిందన్నాడు. ఈరమ్మ అతని వీపుకు నూనె రాస్తూ వింది. వెన్నుపూస పక్కన గడ్డకట్టినట్టున్న కండను బొటనవేలితో నొక్కితే అతను పళ్ళు బిగించాడు.

"శుక్రారం నువ్వు సెప్పల్ల ఈరీ. నాకు కోపమొస్తే మాట రాదు. నువ్వైతే నిదానంగా సెప్తావు."

చెబుతానంది.

గురువారం పొద్దున కన్యక ఒక్కతే వచ్చింది. వెంట యంత్రం లేదు, అందులో చూసిన పెద్దాఫీసరు లేడు. స్కూటీ దోవ మీద ఆపి, పత్తి మొక్కలు విరగకుండా పక్కకు ఒరుగుతూ సాలు వెంట నడిచొచ్చింది. ఈరమ్మ చెంబులో మజ్జిగ పోసిచ్చింది. తాగి, మూతి తుడుచుకొని, మొన్న మీరు అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదమ్మా అంది కన్యక. గోడ పేర్చిన తీరు చూస్తే తనకూ అనుమానంగానే ఉందట. పైన బురుజు దగ్గర రాళ్ళ మధ్య సున్నం ఉంది, ఇక్కడ లేదు. అయితే రాళ్ళు మాత్రం కోటవే. అందుకే పెద్దాఫీసరు ఒప్పుకోవడం లేదట.

ఈరమ్మ ఆమెను గోడ నడిమికి తీసుకుపోయింది. నడుముకు కట్టిన ఒడి విప్పి పక్కన పెట్టి, గొంతుక్కూర్చొని, అడుగు వరుసలో ఇరికించిన చిన్న రాళ్ళను ఒక్కొక్కటే ఊడదీసింది. మోచేయి దాకా చేయి పోనిచ్చి తడిమింది. మొదట మట్టి వచ్చింది, తర్వాత ఒక తేలు బయటికొచ్చి గడ్డిలోకి పోయింది. కన్యక వెనక్కి జరిగింది గాని ఈరమ్మ చేయి తీయలేదు. చివరికి అరచేతి అంత రబ్బరు చెప్పు బయటికి లాగింది. నీలిరంగు పట్టీ ఒక పక్క తెగి వేలాడుతోంది.

"మా రాజుది. రాళ్ళల్లో పడిపోయిందని ఆ పొద్దు ఒకటే ఏడుపు. రాయి మీద రాయి పడినాక మళ్ళ ఎవరు తీస్తారని వదిలేస్తిమి."

కన్యక ఆ చెప్పును చేతిలోకి తీసుకొని మట్టి దులిపింది.  ఇంక సాక్ష్యం అక్కర్లేదు, నేను నమ్ముతున్నాను అంది. రేపు సభలో మీరు ఇదే చెబితే, ఇది చూపిస్తే, రాసుకోక తప్పదు. మీ చేను హద్దులోంచి తీసేస్తారు. ఈరమ్మకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయ్యి అక్కడే గట్టు మీద చతికిలబడింది. కానీ ఆ పిల్ల ఇంకా ఏదో చెప్పాలని నిలబడే ఉంది.

"ఒక మాట నేను చెప్పకూడదు. చెప్పకుండా పోతే మాత్రం తప్పవుతుందమ్మా." కన్యక గుట్ట మీదికి చేయి చాపింది. "ఆ చివరి బురుజు దగ్గర అసలు గోడ తెగిపోయింది. అక్కడి నుంచి ఎటు తిరిగిందో మాకు తెలీదు. ఎడమకు తిరిగితే మీ చేను. కుడికి తిరిగితే మీ ఎగువ వీధి. మీ గోడ దొరికింది కాబట్టి ఎడమకే అని రాసేసినాం. ఇది కాదని తేలితే..."

మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. ఎగువ వీధి గుట్టకు ఆనుకొనే ఉంది. ఆ ఇళ్ళ పెరళ్ళలో కాలువ తవ్వినా, స్తంభం పాతినా చెక్కిన రాళ్ళు బయటపడుతూనే ఉంటాయి. సగం ఇళ్ళ పునాదులు ఆ రాళ్ళే. హద్దు లోపలికి పోయిన ఇంటికి ఏమవుతుందని ఈరమ్మ అడిగింది. ఉన్నపళాన ఖాళీ చేయించరు గాని, కొత్త గోడ కట్టకూడదు, మరుగుదొడ్డి కట్టకూడదు, కప్పు కారితే బాగు చేయడానికీ అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో తాను చెప్పలేనంది కన్యక. తర్వాత తర్వాత ఊరి కింద జాగా చూపించి పొమ్మన్నా పొమ్మనొచ్చు. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే రేపు సభ జరగదు.

స్కూటీ చప్పుడు దూరమయ్యేదాకా ఈరమ్మ చెప్పును ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. తర్వాత దాన్ని ఉన్నచోటికే తోసి, ఊడదీసిన రాళ్ళను మళ్ళీ ఇరికించింది. ఎందుకు అట్లా చేసిందో ఆమెకే తెలియలేదు. భద్రంగా ఉంటుందనే అనుకుంది.

ఆ సాయంత్రం ఎగువ వీధి కుళాయికి నీళ్ళకు పోయింది. ఆమె ఇల్లు ఊరి కింద, హరిజనవాడ దాటాక ఉంది. నీళ్ళకు మాత్రం ఇంత దూరం రావాలి. ధనుంజయ కొత్తగా వేసిన మిద్దె కప్పు మీద మట్టికట్టలు కట్టి నీళ్ళు నిలిపారు. అవి గోడల మీదుగా కారుతున్నాయి. వాళ్ళ ముసలామె కింద నిలబడి, కారే నీటికి దోసిలి పట్టి గడపను కడుగుతోంది. ఆ పక్కది భీమప్ప ఇల్లు. వెనక గది గోడ వానకు కూలితే తాటిపట్ట కట్టుకున్నారు. వాకిట్లో ఇసుక పోసి ఉంది. ఈ ఎండాకాలంలో కట్టుకుందామని కాబోలు.

భీమప్ప భార్య నాగమ్మ కుళాయి దగ్గరే ఉంది. తోడికోడలిని చూసి బిందె పక్కకు జరపలేదు. తన రెండు బిందెలూ నిండేదాకా పట్టుకొని, ఇంకొకటి పెట్టింది. అది నిండుతుండగా ఎవరితోనో అన్నట్టు, కొందరికి బోర్లు కావాలని ఉంటాది, కింద వాళ్ళ గొంతులెండినా పర్వాలేదు అంది. ఈరమ్మకు నోటిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. రేపు పొద్దుటికి ఈ వీధి వీధంతా నా కాళ్ళ దగ్గర ఉంటుందని అనిపించింది. ఆ అనిపించడం నిజానికి బాగుంది కూడా. బిందె పెట్టి, నీళ్ళు నిండేదాకా ఆ సంతోషాన్ని అట్లాగే పట్టుకొని నిలబడింది. బిందె ఎత్తుకొని నాలుగడుగులు వేసేసరికి అది పోయింది. మిగిలింది నడుం నొప్పి.

భర్తకు చెప్పలేదు. చెబితే అతను సంతోషపడతాడని ఆమెకు తెలుసు. పోనీలే, వాళ్ళకూ తెలిసొస్తాదని రచ్చకట్ట దగ్గర అరిచి చెబుతాడు. ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య జరగబోయేదాన్ని తలచుకుంటే ఆమెకు అన్నం దిగలేదు. నరసన్న ఇంకో ముద్ద తినమని బలవంతం చేశాడు. రేపు గట్టిగా మాట్లాడల్ల గదా అన్నాడు.

శుక్రవారం బడి వరండాలో బల్ల వేసి పెద్దాఫీసరు కూర్చున్నాడు. పక్కన కన్యక కాగితాల ముందు తల వంచుకొని ఉంది. ఊరి జనం కింద చెట్టునీడన చేరారు. ముందు భీమప్పను పిలిచారు. అతను ఉతికిన పంచె కట్టుకొని వచ్చాడు. ఆ గోడ మా ముత్తాతలు ఎరిగిన గోడ, కోట రాజులు కట్టింది అని, తమ్ముడి వైపు చూడకుండా చెప్పి కూర్చున్నాడు. ఎవరూ అవునని అనలేదు, కాదనీ అనలేదు. నరసన్న లేచి నిలబడ్డాడు. అన్నట్టుగానే కోపం మాటలకు అడ్డుపడింది. అది మా సేతులతో పేర్సింది సారూ, మా ఇంటామెను అడగండి అని మాత్రం అనగలిగాడు.

ఈరమ్మ ముందుకు వచ్చింది. వరండా మెట్టు దగ్గర చెప్పులు విడిచింది. గోడ ఎప్పటిదమ్మా అని పెద్దాఫీసరు అడిగాడు. జనంలో ముందు వరుసన నాగమ్మ, మనవరాలికి జడ వేస్తూ చేతులు ఆపి చూస్తోంది. ధనుంజయ వాళ్ళ ముసలామె చెవి దగ్గర అరచేయి పెట్టుకొని ముందుకు వంగింది. ఈరమ్మకు వాళ్ళ మీద ప్రేమేమీ కలగలేదు. ఈ ముసలామె ఒకనాడు తన గంప తగిలిందని వీధంతా వినేలా తిట్టిన మనిషి. కానీ చేను లోపలికి పోతే దున్నుకోవచ్చు. ఇల్లు లోపలికి పోతే ఏం చేస్తారు? ఆ లెక్క రాత్రంతా ఎటు తిప్పినా అక్కడికే వచ్చింది.

"నేను కాపురానికొచ్చేతలికే ఉండె సారూ ఆ గోడ."

కన్యక కలం ఆగింది. తల ఎత్తి ఈరమ్మ మొహంలోకి చూసింది.

"మళ్ళీ ఒకసారి ఆలోచించుకొని చెప్పమ్మా. మీరు పేర్చింది కాదా?"

"కాదు తల్లీ. మేము పైన నాలుగు రాళ్ళు పెట్టింటాము, అంతే."

ఆమె చెప్పులు తొడుక్కొని మెట్టు దిగింది. నరసన్న ఇంకా నిలబడే ఉన్నాడు. భార్య కొత్త మనిషి అయినట్టు చూసి, మెల్లగా కూర్చున్నాడు. ఎవరో వెనక నుంచి, ఎంత ముట్టిందో అన్నారు. కొందరు నవ్వారు. భీమప్ప మాత్రం నవ్వలేదు. అతను నోరు తెరిచి, తన అబద్ధాన్ని ఇంకొకరు చెబుతుంటే మొదటిసారి విన్నవాడిలా ఉన్నాడు.

ఆ పూట నుంచి నరసన్న ఆమెతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దున లేచి చేనికి వచ్చేవాడు, తన సాలు తాను తీసేవాడు, అన్నం మూట తానే విప్పుకొని తినేవాడు. బోరు లారీ వాళ్ళకు రావద్దని ఈరమ్మే ఫోన్ చేసింది. కూలీలను తోలుకుపోయే సుగ్గి మేస్త్రీకి ఫోన్ చేసి ఆ లారీ ఎప్పుడని కనుక్కున్నదీ ఆమే. ఇందు అన్నీ వింటూ, పుస్తకాలను ఏ సంచిలో పెట్టుకోవాలా అని చూసుకుంది.

ఆదివారం పొద్దు వాలుతుండగా భీమప్ప చేనికి వచ్చాడు. ఆ చేనిలో అతను కాలు పెట్టడం పాలు పంచుకున్నాక అదే మొదలు. తమ్ముడు అవతలి చివర వంగి ఉన్నాడు. భీమప్ప ఈరమ్మ పక్క సాలులో నిలబడి, ఏం చేయాలో తోచక ఒక కాయ నుంచి పత్తి పీకి చేతిలో పట్టుకున్నాడు.

"నేను సెప్పింది అబద్ధమని నాకు తెలుసు. నువ్వు ఎందుకు సెప్పితివి?"

ఈరమ్మ చేతులు ఆగలేదు. కాయ పట్టుకొని, మూడు వేళ్ళతో లాగి, ఒడిలో వేస్తూనే ఉంది. తల ఎత్తకుండానే బురుజు దగ్గర గోడ తెగిన సంగతి చెప్పింది. ఎడమకు తిరిగితే ఏమిటో, కుడికి తిరిగితే ఏమిటో చెప్పింది. ధనుంజయ మిద్దె సంగతి, తాటిపట్ట కట్టిన వెనక గది సంగతి చెప్పింది. కోపంగా చెప్పలేదు. కోపానికి కూడా కొంచెం బలం కావాలి.

భీమప్ప చేతిలోని పత్తి నలిపి ఉండ చేశాడు. రేపే పోయి ఆ మేడంతో నిజం సెప్తానన్నాడు.

"సెప్తే నీ ఇంటి మీదికే వస్తాది. మీ వీధోళ్ళ మీదికి వస్తాది. ఊరకుండేది నేర్చుకో బావా. నేను నేర్చుకోలేదా?"

భీమప్ప పత్తి ఉండను ఆమె ఒడిలో వేశాడు. చివరకు, ఇందు పెద్దపరీచ్చ రాసేదాకా మా ఇంట్లో ఉంటాది, మీ అక్క చూసుకుంటాది అన్నాడు. అడిగినట్టు లేదు, ఇస్తున్నట్టూ లేదు. ఎట్లా అనాలో తెలియనివాడు అన్నట్టుంది.

"ఆ మాట మీ తమ్మునితో సెప్పు. నాకు ఓపిక లేదు."

భీమప్ప సాళ్ళ నడుమ నుంచి అవతలికి పోవడం ఆమె చూసింది. నరసన్న నడుము మీద చేయి పెట్టుకొని నిటారుగా లేచాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో గాలికి వినిపించలేదు. ఒకసారి భీమప్ప గుట్ట మీదికి చేయి చూపించాడు. నరసన్న అటు చూశాడు, తర్వాత గోడను చూశాడు. ఈరమ్మ మళ్ళీ వంగింది. సాలు ఇంకా సగం ఉంది.

ఆమె చివరికి వచ్చేసరికి భీమప్ప వెళ్ళిపోయాడు. నరసన్న దగ్గరకు వచ్చి, ఆమె నడుము వెనక ముడి విప్పి, నిండిన ఒడిని అందుకున్నాడు. సంచిలో గుమ్మరించి, మోకాలితో అదిమాడు. అదుముతూ నడుము పట్టేస్తే ఒక క్షణం ఆగాడు.

"సుగ్గి లారీ ఎప్పుడంట?"

"వచ్చే సోమారం పొద్దున."

అతను సంచి మూతిని మెలిపెట్టి పురికొసతో బిగించాడు.

"ఇద్దరమే అని సెప్పు మేస్త్రీకి."